పసుపు నీళ్లకు ముందు

నా కుడిచేతి చూపుడువేలు మీద, మధ్య కణుపు దగ్గర, ఒక పంటి గాటు ఉంది. వంపు తిరిగిన సన్నని గీత. పిల్లల పాలపళ్లు ఎంత వెడల్పుంటాయో అంతే ఉంటుంది. పొద్దున దీపంలో వత్తి సరిచేసే వేలు అదే కాబట్టి రోజూ కంట పడుతుంది. పడినప్పుడల్లా మనసులోనే ఒక దండం పెట్టుకుంటాను. ఆ గాటు పెట్టిన పిల్ల బతికి ఉంది. నా తోటికోడలి కూతురు. ఒకే ఇంట్లో, నా కళ్ల ముందే పెరుగుతోంది. కాకపోతే నా చెయ్యి దగ్గరికి వస్తే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుంటుంది. ఎవరు ముద్ద కలిపి పెట్టినా తింటుంది, నేను పెడితే తినదు. తన తప్పేం లేదు. తన నోట్లోంచి ముద్ద లాగేసిన చెయ్యి ఇది.

లాగకపోతే ఏమయ్యేదో తనకు తెలియదు. నాకు తెలుసు.

నేను మోర్తాడ్ పిల్లను. బడికి పోలేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు నా ముందు పోసి వాటి మీద సూదితో అక్షరాలు గీయించేది. తప్పు గీస్తే ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి చేతికిచ్చేది, అరిచేది కాదు. మా నాన్న పొద్దుగూకాక దేవుని కథలు చదివి, మర్నాడు అవే నాతో చదివించేవాడు. అంతే నా చదువు. దెబ్బ వేయకుండానే మనిషికి ఏదైనా నేర్పవచ్చని అనుకునే ఇంటినుంచి ఆర్మూర్‌కు కోడలిగా వచ్చాను. ఇక్కడ మా అత్త నాకు పుట్టగొడుగులు నేర్పింది. కొట్టి నేర్పింది.

మా ఇల్లు నందిపేట్ పోయే తోవలో, ఊరు అయిపోయి పసుపు చేన్లు మొదలయ్యే చోట ఉంటుంది. ఇంటి వెనకనే మా చేను. చేని గట్టు మీద నడుమెత్తు చెదల పుట్ట. నాగుల పంచమికి మేం పాలు పోసేది దానికే. వానలు మొదలై, ఉరుములు బాగా ఉరిమిన మర్నాడు మా అత్త నన్ను తట్టి లేపేది.

"లే పిల్లా, భూమి పలిగింది."

నిజంగానే పగిలినట్టు ఉండేది. పుట్ట చుట్టూ గట్టిపడ్డ మట్టిని లోపలినుంచి ఎవరో పిడికిలితో గుద్దినట్టు, పెళ్లలు పెళ్లలుగా లేపుకొని పుట్టగొడుగులు పైకి వచ్చేవి. అంత మెత్తని వస్తువు అంత గట్టి నేలను ఎట్లా చీల్చిందా అని నాకు భయంగా ఉండేది.

మొదటిసారి వెళ్లినప్పుడు గట్టు దాకా పోనే లేదు. దారిలో, కుళ్లిన ఆకుల కుప్ప మీద, పళ్లెమంత తెల్లని గొడుగు కనబడితే ముచ్చటపడి తెంపాను. తెంపిన చేతి మీద మా అత్త తవ్వుడు కట్టెతో ఒక్కటిచ్చింది. మణికట్టు చురుక్కుమని కమిలిపోయింది. గొడుగు కింద పడింది. దాన్ని ఆమె మడమ కింద వేసి నలిపింది, పురుగును చంపినట్టు, మట్టిలో కలిసిందాకా.

"కండ్లు ఏడ వెట్టినవే? గది కుక్కగొడుగు!"

"తెల్లగనే ఉన్నది గదా అత్తమ్మా, మంచి దాని లెక్కనే."

"తెల్లగ నా చీర గూడ ఉన్నది. వండుకొని తింటవా?"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె నవ్వలేదు. పని ఆపకుండా, నా వైపు చూడకుండా, ఒకే ఒక్కసారి చెప్పింది.

"మా చెల్లె గూడ నీ లెక్కనే తెల్లగున్నయని ఒడి నిండ తెంపుకొచ్చింది. అందరం తిన్నం. మేం కక్కి కక్కి లేసినం. గది చిన్నది, తట్టుకోలే. ఎడ్లబండిల దవాఖానకు తోలుకపోతుంటే నా ఒళ్లెనే కక్కుకుంట కక్కుకుంట పానం ఇడిసింది. నోటి తోని జెప్తె నువ్వు మరుస్తవ్. గందుకే కొట్టిన."

ఇంటికి వచ్చాక కమిలిన చోట తానే పసుపు పట్టు వేసింది. ఆ దెబ్బకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. అప్పుడు అట్లా అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను.

తర్వాతి వానకాలాల్లో ఒక్కొక్క గుర్తూ ఒక్కొక్క చీవాటుతో వచ్చింది. మంచిదాని నడినెత్తిన బొంగరం మొన లాంటి గట్టి మొటిమ ఉంటుంది. నేలను పొడుచుకొని వచ్చేది దానితోనే. కుక్కగొడుగు నెత్తి మెత్తగా విచ్చుకొని, మీద గోధుమరంగు పెచ్చులు లేచి ఉంటుంది, మానుతున్న పుండు మీది పక్కులాగా. దాని కాడకు తెల్లని కడియం ఉంటుంది. వేలితో తోస్తే పైకీ కిందికీ జారుతుంది. మంచివాటిలోనూ కొన్నింటికి కడియం ఉంటుంది గానీ అది కాడను అంటిపెట్టుకొని ఉంటుంది, కదలదు. గొడుగును తిరగేస్తే కింద మడతలు ఉంటాయి. ముదిరిన కుక్కగొడుగు మడతలకు పాచి పట్టిన బండ రంగు వస్తుంది. లేతదానికి ఆ రంగు రాదు, పాలలా తెల్లగానే ఉండి మోసం చేస్తుంది. అందుకే ఇవన్నీ చూశాక కూడా మా అత్త నమ్మేది కాదు. తవ్వించేది. మంచిదాని కాడ నేలలోకి దిగి, సన్నబడుతూ సన్నబడుతూ, లోపల చెదల గూడు దాకా పోతుంది. కుక్కగొడుగుకు కింద అట్లా దిగేది ఏమీ ఉండదు, ఉబ్బిన మడమ లాంటి ముద్ద ఉంటుంది. చెయ్యి వేయగానే ఊడి వస్తుంది.

ఇవన్నీ చేన్లోనే చూడాలి. ఇంటికి వచ్చాక చూద్దామంటే మా ఊర్లో కుదరదు. ఇక్కడ ఏది ఇల్లు చేరినా ముందు పసుపు నీళ్లలో పడుతుంది. కూరగాయైనా, మాంసమైనా, ముల్లు దిగిన కాలైనా. మార్కెట్లో రోజంతా పసుపు సంచుల మధ్య తిరిగేవాళ్లకు ఆ నమ్మకం ఇంకా ఎక్కువ. పుట్టగొడుగులను ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లలో వేస్తే లోపలి పురుగులు పోతాయి, అది నిజమే. విషం కూడా పోతుందని మగవాళ్లు ఒట్టు పెట్టి చెబుతారు. మా అత్తకు ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"పసుపు నీళ్లల్ల పడ్డంక అన్ని పసుప్పచ్చగనే కనవడ్తయ్. అడుగున తెల్లగుండెనో, పాచి రంగుండెనో ఎవనికి ఎర్క? ముందుగాల సూడు, తర్వాత ఎయ్."

అందుకని గట్టు మీదనే తుండు పరిచి, వేర్లతో సహా అన్నీ దాని మీద ఆరబెట్టినట్టు వేసి, ఒక్కోటి తిప్పి చూసి, అప్పుడు మడతపెట్టి ఇంటికి తెచ్చేవాళ్లం. ఇది ఆడవాళ్ల పని. ఆమె కొడుకులిద్దరూ తిని లేచేవాళ్లే తప్ప గట్టు దాకా ఏనాడూ రాలేదు. ఆమె కూడా వాళ్లకు చెప్పలేదు. అక్కడే పొరపాటు జరిగింది.

అత్తమ్మ పోయిన తర్వాత వచ్చిన వానకాలం. ఇంట్లో నేను, నా భర్త, నా మరిది, తోటికోడలు, వాళ్ల చిన్న కూతురు. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల అంగన్‌వాడీకి పోయే వయసు, నా కొంగు పట్టుకొని తిరిగేది. నా భర్త పసుపు బండ్లు నడుపుతాడు, వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. మరిది మార్కెట్ యార్డులో సంచులు మోస్తాడు. చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఒళ్లంతా బలం, ముక్కు మీద కోపం. తోటికోడలి మీద చెయ్యి లేవడం మా ఇంట్లో వింత కాదు. గోడకు కొట్టుకొని వంగిపోయిన తలుపు గొళ్లెం, సొట్టపడ్డ బిందె, ఒక్కోదాని వెనక ఒక్కో సాయంత్రం ఉంది.

శ్రావణంలో మా ఇంట్లో నీసు వండం. అది నా మూలానే. సోమవారం నేను పొద్దుగూకేదాకా ఉపవాసం ఉండి, పొద్దున సిద్ధుల గుట్ట ఎక్కి దండం పెట్టుకొని వస్తాను. ఆ సోమవారం బయలుదేరుతుంటే మరిది అరుగు మీద కూర్చొని పళ్లు తోముకుంటున్నాడు.

"వదినె, నీ దేవుడు నా నోరు కట్టేసిండు. పప్పు తిని తిని పసుపు సంచి గూడ లేస్తలేదు."

"నెల రోజులేనాయె తమ్మీ. జర ఓపిక వట్టు."

"రాత్రి ఉరుములు ఇన్నవా? పుట్టకొక్కులు లేసుంటయ్. నేను దెస్త ఇయ్యాల. గది నీసు గాదు గద, నీ దేవుడేమనడు గద?"

"నేనొచ్చినంక పోదాం, ఆగు."

"నువ్వొచ్చేదాంక గవి నా కోసం నిలవడి సూస్తయా?"

నవ్వుకుంటూ వెళ్లాను. గుట్ట రాళ్లు వానకు నల్లగా మెరుస్తున్నాయి. దేవుని ముందు నిలబడి ఎప్పుడూ అడిగేదే అడిగాను, ఆ పిల్లను చల్లగా చూడమని. నాకోసం అడగడం ఎప్పుడో మానేశాను.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వీధిలోకే మసాలా వాసన వచ్చింది. మరిది తిని, వాకిట్లో మంచం మీద కడుపు నిమురుకుంటూ పడుకున్నాడు. లోపల పొయ్యి ముందు పిల్ల చిన్న పళ్లెం ముందు పెట్టుకొని తింటోంది. తోటికోడలు ఇంకా తినలేదు. మా ఇంట్లో ఆడవాళ్లం ఆఖరునే తింటాం. ఆ అలవాటుకు కూడా ఆ రోజు దండం పెట్టుకున్నాను.

"అక్కా, గాయన సంచి నిండ దెచ్చిండు," అంది తోటికోడలు. "గంత పెద్దయి ఎన్నడు సూడలే. రొండు మాట్ల పసుపు నీళ్లల్ల ఏసిన."

"పుట్ట కాడియేనా?"

"ఏమో, చేతి తోని పీక్కొచ్చిండు. నాకేం ఎర్క."

నేను కాళ్లు కడుక్కోవడానికి జాలారి దగ్గరికి వెళ్లాను. గిన్నెలు తోమే ఆ బండ మూలన, పసుపు నీళ్లు తగలని చోట, కోసి పడేసిన కాడల చివరలు ఉన్నాయి. ఒకటి తీశాను. కింద వేరు లేదు, తెగిన గుర్తూ లేదు. ఉబ్బిన మడమ. ఇంకోటి తీశాను. అదీ మడమే. వాటి మధ్యలో ఒక కాడ ముక్క మీద తెల్లని కడియం ఉంది. వేలితో తోశాను.

జారింది.

లోపలికి ఎట్లా వచ్చానో గుర్తు లేదు. పిల్ల ముందున్న పళ్లెం నా కాలితో తన్నాను. అది గోడకు కొట్టుకొని మోగింది. పిల్ల బిత్తరపోయి చూసింది, బుగ్గలో ముద్ద అట్లాగే ఉంది. దవడలు పట్టుకొని నొక్కి నోరు తెరిచి, ముద్ద లాగేసి, వేలు గొంతు దాకా దించాను. అది కరిచింది. ఎముక దాకా దిగింది. వేలు తీయలేదు. నా వేలి రక్తం దాని పెదవుల మీదికి వచ్చింది. ఒళ్లంతా విలవిల్లాడించి, కాళ్లతో నా కడుపులో తన్ని, చివరికి కక్కింది. నా ఉపవాసం చీర నిండా పసుప్పచ్చని కూర. మళ్లీ వేలు పెట్టాను. మళ్లీ కక్కింది. ఆ మధ్యలో "పెద్దమ్మా, వద్దు, పెద్దమ్మా" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. నన్ను పిలుస్తూనే నాకు భయపడింది.

అరుపుకు మరిది లోపలికి వచ్చాడు.

"పిచ్చి లేసిందా వదినె నీకు! ఇడువు పొల్లను!"

"తిన్నదంత కక్కియ్యాలె తమ్మీ. నువ్వు గూడ కక్కు. గవి కుక్కగొడుగులు. ఏడ తెంపినవ్?"

"మన పసుపు ఉడుకబెట్టే కాడ, ఆకుల కుప్ప మీద. అయితే ఏంది? పసుపు నీళ్లల్ల ఏసినమే! ఆర్మూర్ల పుట్టినోనికి పసుపు సంగతి నువ్వు జెప్తవా?"

"పసుపు దాని ఇసాన్ని ఏం జెయ్యది..."

మాట పూర్తి కాకముందే చెంప మీద పడింది. చెవి గుయ్‌మంది. నేను పిల్లను వదలలేదు. వదిలితే ఎత్తుకుపోతాడని, పిల్లను కింద వేసి మీద వంగిపోయాను. వీపు మీద తన్నాడు. పక్కటెముకల కింద తన్నాడు. జుట్టు చేతికి చుట్టుకొని లాగితే తల వెనక్కి విరిగింది, మళ్లీ ముందుకు తోస్తే నుదురు తలుపు చెక్కకు కొట్టుకొని కళ్ల ముందు తెల్లగా అయింది. నుదుటి రక్తం ధారగా పిల్ల మెడ మీద పడుతోంది. కింద నలుగుతున్న పిల్లకు అది ఎవరి రక్తమో కూడా తెలియదు.

"నీకు లేరని ఒకల పిల్లను సంపుతవా? గొడ్రాలి కండ్లు! మా అమ్మ ఉంటె నిన్ను గిట్ల ఇంట్ల ఉంచకపోవు!"

మీ అమ్మ ఉంటే నీ చెయ్యే విరగ్గొట్టేది అని అనాలనిపించింది. నోట్లో పన్ను కదిలి రక్తం నిండి ఉంది, అనలేదు. "చెల్లే," అన్నాను తోటికోడలితో, "నువ్వు తినకు. కూర గంజు పారబొయ్యి."

ఆమె గరిటె పట్టుకొని బొమ్మలా నిలబడి ఉంది. మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత కొంగుతో గంజు పట్టుకొని, బయటికి నడిచి, కూరంతా బండ మీద కుమ్మరించింది. పెళ్లయ్యాక అతని మాట లేకుండా ఆమె చేసిన మొదటి పని అదే అనుకుంటాను. అతను వెళ్లి ఆమెనూ కొట్టాడు. కొట్టి, మంచాన్ని తన్ని, "అన్నను రానియ్, మీ ఇద్దరి సంగతి జూస్త," అని గోడ దగ్గర కూర్చున్నాడు.

మేం పిల్లను తీసుకొని గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నాం. నీళ్లు తాగించాం. అది తల్లిని కరుచుకొని వెక్కుతోంది, నా వైపు చూడటం లేదు. నేను గోడకు ఆనుకొని, దేవుణ్ని ఒకటే అడిగాను. నేను పొరబడి ఉంటే బాగుండని. ఊరికే పిచ్చిలేచి పిల్లను ఏడిపించిన మనిషినై, దెబ్బలు తిని, ఇంట్లోంచి వెళ్లిపోవలసి వచ్చినా సరే, ఆ కాడలు మంచివై ఉండాలని.

కాసేపటికి పిల్ల పొట్ట పట్టుకొని మెలికలు తిరిగింది. బయటినుంచి వాంతి చప్పుడు వచ్చింది, పశువు గొంతు కోస్తున్నట్టు. గొళ్లెం తీసి చూస్తే, బస్తా మీద బస్తా ఎత్తే మనిషి నాలుగు కాళ్ల మీద ఉన్నాడు. ముఖం బూడిద. కక్కుతున్నాడు, చెమటలో తడుస్తున్నాడు, బట్టలు పాడైపోయాయి.

"వదినె," అన్నాడు. "సస్తున్న."

జాలారి దగ్గరి మడమలు, కడియం ముక్క కొంగున మూట కట్టాను. పిల్లను తోటికోడలు ఎత్తుకుంది. ఇద్దరం మరిది చంకల కింద చేతులు వేసి రోడ్డు దాకా ఈడ్చాం. నందిపేట్ నుంచి షేర్ ఆటో నిండా మనుషులతో వస్తోంది. నా నుదురు, ఆ మనిషి, ఆ పిల్ల, మమ్మల్ని చూసి డ్రైవర్ బండి ఆపాడు. అందరినీ దింపేశాడు. దిగినవాళ్లలో ఒక ముసలమ్మ తన తువ్వాలు నా చేతిలో పెట్టి, "నుదుటికి గట్టిగ వట్టుకో బిడ్డా," అంది. ఆ తువ్వాలు తిరిగి ఇవ్వలేకపోయాను. ఉతికి దాచాను. దీపం పెట్టినప్పుడు ఆమెను తలుచుకుంటాను, ఏ ఊరి మనిషో తెలియదు.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఏం తిన్నారంటే కొంగు విప్పి చూపించాను. పిల్లకూ మరిదికీ సెలైన్లు పెట్టించింది. నేను చేసింది విని తల అడ్డంగా ఊపింది.

"గట్ల వేళ్లు పెట్టొద్దమ్మా. అది ఊపిరితిత్తులల్లకు పోతే ఇంకో ప్రమాదం. సీదా ఇక్కడికి తేవాలె. ఈసారి కలిసొచ్చింది. చిన్న పిల్లలకు ఒంట్లో నీళ్లు పోతె చేతికి దక్కరు."

దండం పెట్టాను. ఆమె చెప్పింది నిజం, నేర్చుకున్నాను. నా నుదుటికి కుట్లు వేస్తూ నర్సు అడిగింది, "గీ దెబ్బ ఏంది?" జారిపడ్డానని నా నోటిదాకా వచ్చింది. అంతలో తోటికోడలు అంది:

"నా మొగడు గొట్టిండు. గాడ పన్నడు సూడు, గాయన."

మంచం మీదినుంచి మరిది మూలిగాడు. "నేను బతకనే."

"సద్దువుగాని, జర ఆగు. ముందుగాల గా సెలైన్ అయిపోనియ్," అంది ఆమె.

నర్సు ముఖం పక్కకు తిప్పుకుంది. కుట్లు పడుతున్న నుదురుతో నేనూ నవ్వాను, నొప్పి పుట్టింది.

పిల్ల కళ్లు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి, చర్మం పట్టి వదిలితే ముడతలా నిలబడింది. ఒక దశలో ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు మాత్రం తెరిచింది. నేను మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని దేవుడి పేరు తలుచుకున్నాను, బేరం పెట్టలేదు. తర్వాత అది కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. సంతోషం పట్టలేక గ్లాసు నేనే అందించబోయాను. నన్ను చూసి కెవ్వున అరిచి తల్లి మెడలో ముఖం దాచుకుంది. గ్లాసు తోటికోడలికి ఇచ్చి వరండాలోకి వచ్చాను. ఏడ్చాను. అరవగలిగినంత బలం వచ్చిందని దండం కూడా పెట్టాను. రెండూ నిజమే.

మరిది బక్కచిక్కి ఇంటికి వచ్చాడు. నడవగలిగిన మొదటి రోజే పార తీసుకొని ఆకుల కుప్ప దగ్గరికి పోయాడు. ఉన్న కుక్కగొడుగులన్నీ నరికి, కుప్పను చీల్చి చెల్లాచెదురు చేశాడు. అది న్యాయమే అనుకున్నాను. అక్కడితో ఆగలేదు. గడ్డపార తెచ్చి గట్టు మీది పుట్ట మీద పడ్డాడు. పాలు పోసే పుట్ట. నేను పరుగెత్తి వెళ్లేసరికి పైభాగం కూలిపోయింది. లోపలి గూడు తెల్లగా, తేనెపట్టులా బయటపడి, చెదలు పిచ్చిగా పారుతున్నాయి. చుట్టూ లేచిన మంచి పుట్టగొడుగులు అతని కాళ్ల కింద నలిగి ముద్దయ్యాయి.

"తమ్మీ, గివి మంచియి! గిది పుట్ట, పాపం తగుల్తది!"

"ఏది మంచిది? ఏది?" గడ్డపార ఎత్తి నా వైపు తిరిగాడు. నా తల పగులుతుందనే అనుకున్నాను. "రొండు ఒక్క తీరుగనే ఉన్నయ్! నాకేం ఎర్క? నీకు జెప్పింది మా అమ్మ. కోడలివి, నీకు జెప్పింది. నేను కొడుకునే గదా, నాకెందుకు జెప్పలే?"

గడ్డపార పక్కకు పడేసి మట్టిలో కూలబడి ఏడ్చాడు. నేను పక్కన కూర్చొని, నలగకుండా మిగిలిన ఒక గొడుగు చుట్టూ మట్టి తవ్వాను. కాడ దిగుతూ దిగుతూ పోయింది. తవ్వినకొద్దీ చూశాడు. ఆ తర్వాత నా మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. పెళ్లాం మీద ఇంకోసారి ఎత్తాడు. ఆ రోజు ఆమె గరిటె కింద పెట్టకుండా ఎదురు నిలబడింది.

పిల్ల బడికి పోయేంత పెద్దదయింది. నాతో మాట్లాడుతుంది, లెక్కలు రాకపోతే నా దగ్గరికే వచ్చి కూర్చుంటుంది, మధ్యలో పలకంత దూరం పెట్టుకొని. అన్నం నేను వడ్డిస్తే, పళ్లెం కింద పెట్టి నేను పక్కకు జరిగాక తింటుంది. ఆ దూరం ఎంతో నాకు అలవాటైంది.

చెదలు పుట్టను మళ్లీ కట్టుకున్నాయి. ఈ వానకాలం ఉరుములు ఉరిమిన మర్నాడు నేను తుండు, తవ్వుడు కట్టె తీసుకొని బయలుదేరితే వెనక అడుగుల చప్పుడు వినబడింది. తనే. తిరిగి చూడలేదు, చూస్తే ఆగిపోతుందని. గట్టుకు పోయే దారిలో, పాత ఆకుల కుప్ప జాగాలో, వాన తడికి, తెల్లని గొడుగు ఒకటి విచ్చుకొని ఉంది. తను వంగి చెయ్యి చాచింది.

నా చెయ్యి దానంతట అదే లేచింది, తవ్వుడు కట్టెతో సహా. మా అత్త చెయ్యి లేచినట్టే. పిల్ల చూసింది. కళ్లు మూసుకొని, భుజాలు చెవుల దాకా లేపి, దెబ్బ కోసం నిలబడింది. పారిపోలేదు, అరవలేదు. ఆ నిలబడటమే నన్ను చంపింది. చెయ్యి దించాను. కట్టెను తనకూ నాకూ మధ్య నేల మీద పెట్టి వెనక్కి జరిగాను.

"తవ్వు బిడ్డా," అన్నాను. "కింద ఏమున్నదో నువ్వే సూడు."

చాలాసేపటికి కళ్లు తెరిచింది. కట్టె తీసుకొని తవ్వింది. గొడుగు చేతిలోకి ఊడి వచ్చింది. తిప్పి చూసింది.

"వేరు లేదు పెద్దమ్మా. ఉబ్బినట్టుంది."

"కడియం తోసి సూడు."

తోసింది. జారింది. ఒక్క క్షణం దానివైపే చూసి, "గిదేనా?" అంది మెల్లగా. "నేను తిన్నది గిదేనా?"

"గదే."

కింద పడేసి మడమతో నలిపింది. ఎవరూ నేర్పకుండానే, మా అత్త నలిపినట్టే, మట్టిలో కలిసిందాకా నలిపింది. తర్వాత పుట్ట దగ్గర మంచివి తనే తవ్వింది. వేరు తెగకుండా ఒక్కోటి తెచ్చి తుండు మీద పెట్టి వెనక్కి జరిగేది. నేను చూసి పక్కకు పెట్టేదాన్ని. కాసేపటికి వెనక్కి జరగడం మరిచిపోయింది.

ఇంటికి వచ్చి గంజులో నీళ్లు పోశాం.

"పసుపు ఎయ్యాల్నా?" అని అడిగింది.

"సూసుడు అయిపోయింది గదా. ఇప్పుడెయ్యి."

నేను పసుపు డబ్బా మూత తీశాను. చెంచా కోసం చూస్తుంటే, తను నా చేతి కింద అరచెయ్యి చాపింది.